దయ్యాలు ఎందుకు మిణుకుమంటున్నాయి?

ప్రశ్న: అమెరికా నుంచి అన్నయ్య పాత అటారీ 2600 తెచ్చాడు. అందులో ప్యాక్‌మ్యాన్ పెడితే దయ్యాలు కనిపించీ కనిపించనట్టు మిణుకుమంటున్నాయి. ఆర్కేడ్ ఆటలో అలా లేదు. క్యాట్రిడ్జ్ పాడైందా?

జవాబు: పాడవలేదండీ, 1982లో కొన్నవాళ్లూ అదే చూశారు. 1980 నాటి ఆర్కేడ్ యంత్రం నాలుగు దయ్యాలనూ ఒకేసారి గీయగలదు. అటారీ 2600లో ఉన్నది 128 బైట్ల మెమరీ, కదిలే బొమ్మలకు రెండే ప్రధాన చోట్లు. అందులో ఒకటి ప్యాక్‌మ్యాన్‌కే పోతుంది, అందుకే నాలుగు దయ్యాలూ మిగిలిన ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. సెకనుకు 60 ఫ్రేముల్లో ఒక్కో దయ్యానికి దక్కేది 15. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలో బొమ్మ వెలుగు కాసేపు నిలుస్తుంది కాబట్టి లోపం కొంత కప్పబడేది. ఇప్పటి తెరలు దాన్ని నిర్మొహమాటంగా బయటపెడతాయి.

వీలైతే ట్యూబ్ టీవీకి కలపండి. కంప్యూటర్‌లో ఆడితే స్టెల్లా ఎమ్యులేటర్‌లో, ట్యూబ్ టీవీ వెలుగును అనుకరించే ఫాస్ఫర్ సెట్టింగ్ ఆన్ చేయండి. అదే యంత్రానికి వచ్చిన మిస్ ప్యాక్‌మ్యాన్ కూడా ఆడి చూడండి. క్యాట్రిడ్జ్ సామర్థ్యం 4 కిలోబైట్ల నుంచి 8కి పెరిగింది, మిణుకు బాగా తగ్గింది. నా మటుకు ఆర్కేడ్‌కు దగ్గరగా వచ్చింది అదే.

అన్ని ఆటల్లోనూ బొమ్మ దొర్లుతుంటే మెకానిక్‌కు చూపించండి. ట్యూబ్ టీవీని మీరు విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన కరెంటు ఉంటుంది. మిణుకు చూసి తల తిరిగితే ఆట ఆపి డాక్టర్‌ని కలవండి.