రాతిలో దాగిన లోహములు

అనంతపురము వానకు మొగము వాచిన సీమ. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే ఇచట కురియును. ఆ కొద్దిపాటి వానయు సకాలమున రానియెడల వేరుసెనగ చేలు నిలువున ఎండిపోవును. అయినను ఈ నేల పేదదని తలంపరాదు. తొలకరి జల్లు పడగానే వజ్రకరూరు ప్రాంతమున జనులు చేలలో వజ్రములకై వెదకుచుందురు. వజ్రము కంటి కగపడు ధనము. కంటి కగపడని ధనము మఱియొకటి ఈ సీమ రాళ్లలో కలదు.

2023వ సంవత్సరమున హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు పెద్దవడుగూరు, రెడ్డిపల్లె మొదలగు గ్రామముల చెంత నున్న శిలలలో విరళ మృత్తికలను కనుగొంటిమని ప్రకటించిరి. పేరున మృత్తిక యున్నను ఇవి మట్టి కావు, లోహములు. వీని సంఖ్య 17. ఇవి మిక్కిలి అరుదైనవియు కావు. వీనిలో నొకటియగు సీరియము భూమి పైపొరలో రాగితో సమానముగా నున్నది. కాని ఇవి ఒకచోట కుప్పగా నుండక పలుచగా చెదరియుండును. గుణములలో తోబుట్టువులవలె ఒకదాని నొకటి పోలియుండును. కావుననే వీనిని వేఱుచేయుట కష్టము. 1794లో గడోలిను అను శాస్త్రజ్ఞుడు మొదటిదానిని గుర్తింపగా, కడపటిదానిని 1945లో గాని వేఱుచేయలేకపోయిరి.

అనంతపురపు శిలలలో కనబడిన ఖనిజములలో మోనజైటు ఒకటి. అందు విరళ మృత్తికలు భాస్వరముతోను ఆమ్లజనితోను కలిసి ఫాస్ఫేటుగా నుండును. అది విద్యుత్తును ప్రవహింపనీయని వట్టి రాయి. అయితే ఇట్రియము అను విరళ మృత్తికను శుద్ధిచేసి, గాలి తీసివేసిన గొట్టములో ఎఱ్ఱ భాస్వరముతో చేర్చి వేడిచేసినయెడల ఆమ్లజని లేని ఫాస్ఫైడు ఏర్పడును. ఉప్పురవ్వలో వలె ఇందును రెండు విధముల పరమాణువులు ఒకదాని ప్రక్క నొకటి వరుస తీరియుండును. ఇది అర్ధవాహకము. అనగా రాగివలె విద్యుత్తును ధారాళముగా పోనీయదు. గాజువలె పూర్తిగా ఆపివేయదు. రేడియోలు, కంప్యూటర్లు నడచుట సిలికాను మొదలగు ఇట్టి అర్ధవాహకముల వలననే. విరళ మృత్తికల ఫాస్ఫైడులను గూర్చి ప్రయోగశాలలలో ఇంకను పరిశోధనలు జరుగుచున్నవి. వీనిలో కొన్ని తేమగాలి సోకినంతనే చెడిపోవును గనుక మిక్కిలి జాగ్రత్త వలయును.

విద్యార్థులారా! జాడ కనుగొనుట వేఱు, గని త్రవ్వుట వేఱు. లోతుగా రంధ్రములు వేసి పరీక్షించినగాని ఎంత నిధి యున్నదో తేలదు. మోనజైటులో థోరియము అను రేడియోధార్మిక లోహమును కలదు. ఖనిజమును శుద్ధిచేయుటకు ఆమ్లములు కావలెను, నీరు కావలెను. కడవ నీటికై కోసుదూరము నడచిన తల్లులున్న సీమలో ఆ నీరు ఎచటినుండి వచ్చును? మిగిలిన వ్యర్థము ఎచటికి పోవును? ఈ ప్రశ్నలకు ముందుగా ఉత్తరము చెప్పవలెను. ఆ ఉత్తరము చెప్పగలవారు రసాయనశాస్త్రమును, ఈ నేల కష్టమును రెండింటిని ఎఱిగినవారై యుండవలెను. అట్టివారు మీలోనుండియే రావలెను.