చింతతో మూరెడు పెరుగుతామా?



చింత అనగానే మనకి చింతచెట్టు జ్ఞాపకం వస్తుంది. చింతచెట్టు దులిపితే పండు రాలుతుంది, సంతలో అమ్ముకోవచ్చు. మనసులో చింతని ఎంత దులిపినా ఏమీ రాలదు. నేను రాసేది ఈ రెండో చింత గురించి.

ఇది మన హాస్టల్లో అందరికీ ఉంది. ఇంటి దగ్గర అమ్మకి జ్వరం తగ్గిందో లేదో, వాన పడిందో లేదో, వచ్చే ఏడు పదో తరగతి పాసవుతామో లేదో. దీని గురించి యేసుక్రీస్తు చేసిన బోధ బైబిలులో మత్తయి సువార్త 6వ అధ్యాయం 25 నుండి 34 వచనాలలో ఉంది. ఇది కొండమీది ప్రసంగంలో ఒక భాగం. లూకా సువార్త 12వ అధ్యాయంలో కూడా ఉంది.

ఎవరికి చెప్పారు?

యేసు గలిలయ ప్రాంతంలో తిరిగి బోధించారు. అప్పుడు ఆ దేశం రోమా వాళ్ళ పెత్తనం కింద ఉంది. ఆయన శిష్యులలో చేపలు పట్టేవాళ్ళు ఉన్నారు. కూలివాళ్ళకి ఏ రోజు కూలి ఆ రోజే ఇచ్చేవారు. కూలి దొరక్కపోతే పస్తే. రేపు ఏం తింటాం అనే భయం నిజంగా ఉన్నవాళ్ళకే ఆయన ఈ మాట చెప్పారు.

ఏమి చెప్పారు?

1. పక్షులు విత్తవు, కొయ్యవు, గాదెల్లో దాచుకోవు. అయినా దేవుడు వాటిని పోషిస్తున్నాడు. లూకా సువార్తలో కాకుల పేరే చెప్పారు.

2. పొలంలో పూలు నూలు వడకవు. కాని గొప్ప ధనవంతుడైన సొలొమోను రాజు కూడా అంత అందమైన బట్ట కట్టలేదు.

3. చింతించి ఎవరూ మూరెడు పెరగలేరు. మూర అంటే మోచేయి నుండి వేలి కొస దాకా. సంతలో పూలు కొలుస్తారు కదా, అదే. గ్రీకు భాషలో ఆ వాక్యంలో ఎత్తు అనే చోట ఉన్న మాటకి ఎత్తు అని, వయసు అని రెండు అర్థాలు ఉన్నాయి. చింత వల్ల ఎత్తూ పెరగదు, ఆయుష్షూ పెరగదు.

4. రేపటి గురించి ఈ రోజే చింతించకూడదు. ఏ రోజు కష్టం ఆ రోజుకి చాలు.

అయితే ఊరికే కూర్చోవాలా?

కొంతమంది అలాగే అనుకుంటారు. మన మెస్ దగ్గర కాకులని చూడండి. మనకంటే ముందే లేస్తాయి, రోజంతా తిండి వెతుకుతాయి. దేవుడు పోషిస్తాడు కదా అని గూట్లో కూర్చోవు. లూకా 14వ అధ్యాయంలో యేసే ఇంకొక మాట చెప్పారు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని. అంటే జాగ్రత్త వేరు, చింత వేరు. పరీక్షకి రాత్రి చదివితే జాగ్రత్త. పుస్తకం మూసి ఏడిస్తే చింత. చెల్లికి జ్వరం వస్తే నర్సమ్మకి చెప్పడం జాగ్రత్త. ప్రార్థన చేసినా మందు వేసుకోవాలి.

ఇంకొక ముఖ్య విషయం

యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. బట్ట లేనివాళ్ళకి, తిండి లేనివాళ్ళకి ఏమీ ఇవ్వకుండా, సుఖంగా వెళ్ళండి అని ఊరికే అంటే ఏం లాభం అని అడుగుతాడు. కాబట్టి ఆరో తరగతి చెల్లెళ్ళు ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే "చింతపడకు" అని చెప్పి వెళ్ళిపోకూడదు. పక్కన కూర్చోవాలి, అన్నానికి తోడు తీసుకెళ్ళాలి, వార్డెన్ గారికి చెప్పాలి. ఆ బెంగతోనే కొందరు సెలవులకి వెళ్ళి మళ్ళీ బడికి రారు. అలా ఒక్కరు కూడా ఆగిపోకూడదు.

ఆలోచించండి

1. మీ చింతలో ఈ రోజు చేయగల పని ఏది?
2. మీ చేతిలో లేనిది ఏది?
3. దాన్ని ఎవరితో చెప్పుకుంటారు?

మొదటిది ఈ రోజే చేయండి. రెండోదాన్ని ఒంటరిగా మోయకండి.

— 9వ తరగతి విద్యార్థిని