పాత చక్రానికి కొత్త టైరు: ఏ కొలత కొనాలి?

అమెరికాలో టైర్లు కొనడం చాలా తేలిక. కారు పేరు, మోడలు, సంవత్సరం చెబితే కొలత సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. కానీ ఆ కారు 1967 నాటి ఫోక్స్‌వాగన్ బీటిల్ అయితే? అలాంటిదొకటి కొన్నాక నేను ఫోన్ చేసిన షాపుల్లో ఒకచోట వాళ్ళ జాబితాలో ఆ సంవత్సరమే లేదు. ఇంకోచోట "15 అంగుళాల చక్రమే కదా, 185/60 ఆర్ 15 వేసేద్దాం" అన్నారు. 15కి 15 సరిపోతే చాలదని, సరైన కొలత ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసంలో చూద్దాం. లెక్క హైస్కూలు స్థాయిదే, భయపడకండి.

అంకెల వెనక ఏముంది?

బీటిల్ పాత టైరు కొలత 5.60-15. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. మన అంబాసిడర్ టైరు 5.90-15 కూడా ఈ పద్ధతిలోదే. ఇందులో ఎత్తు చెప్పే అంకె లేదు. ఆ రోజుల్లో టైరు గోడ ఎత్తు దాదాపు వెడల్పంతే ఉండేది కనక విడిగా చెప్పే పని పడలేదు. మన భాషలో చెప్పాలంటే, అది డీఫాల్ట్ వాల్యూ.

ఈనాటి 165/80 ఆర్ 15లో 165 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 మాత్రం ఇప్పటికీ అంగుళాలే! ఒకే వరుసలో రెండు కొలమానాలు కలిపేశారు, ఏ కోడ్ రివ్యూలోనూ నెగ్గని పని.

ఇప్పుడు టైరు మొత్తం ఎత్తు కడదాం:

గోడ ఎత్తు: 165లో 80 శాతం = 132 మి.మీ.
పైనా కిందా రెండు గోడలు: 264 మి.మీ.
రిమ్ము: 15 x 25.4 = 381 మి.మీ.
మొత్తం: 645 మి.మీ.

బీటిల్ యజమానులు 5.60-15కి బదులుగా ఎక్కువగా వాడే రేడియల్ కొలత ఇదే. మరి షాపువాళ్ళు చెప్పిన 185/60 ఆర్ 15? 222 + 381 = 603 మి.మీ. అంటే ఆరున్నర శాతం పొట్టి. బీటిల్‌లో స్పీడోమీటరు కేబుల్‌ని తిప్పేది ఎడమవైపు ముందు చక్రం. కాబట్టి ఈ టైర్లు వేస్తే మీటరు 60 మైళ్ళు చూపించినప్పుడు నిజంగా వెళ్ళేది 56. వెనక చక్రాలు కూడా పొట్టివే కనక అదే వేగానికి ఇంజను ఏడు శాతం ఎక్కువ తిరగాలి. అసలే చిన్న ఇంజను, హైవే మీద దానికి ఆ అదనపు శ్రమ ఎందుకు?

అసలు చిక్కు రిమ్ము వెడల్పు

రిమ్ము మీద ముద్ర చూడండి. నా కారుకి 4జె x 15 అని ఉంది, అంటే వెడల్పు 4 అంగుళాలు. ప్రతి టైరు కొలతకీ ఎంత వెడల్పు రిమ్ము పనికొస్తుందో తయారీదారుడి పట్టికలో ఉంటుంది. 165/80కి 4 అంగుళాలు కింది హద్దు. 185/60కి కనీసం 5 కావాలి. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు తొడిగితే అంచులు దగ్గరకి నొక్కుకుని గోడలు ఉబ్బుతాయి, మలుపుల్లో కారు ఊగుతుంది. బిగించడం సాధ్యమైనంత మాత్రాన సరైనది కాదు. కంపైల్ అయినంత మాత్రాన ప్రోగ్రాం పనిచేస్తుందా?

వయసు కూడా కొలతే

నేను కొన్నప్పుడు కారుకున్న టైర్లు చూడ్డానికి కొత్తవిలాగే ఉన్నాయి, అరుగుదల లేదు. కానీ టైరు గోడ మీద డాట్ అక్షరాల తర్వాత వచ్చే వరుస చివర మూడే అంకెలున్నాయి. 2000 నుంచీ అక్కడ నాలుగు అంకెలు ఉంటాయి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3519 అంటే 2019లో 35వ వారం. మూడంకెలు ఉంటే ఆ టైరు 2000కి ముందుది. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. అరుగుదలతో పనిలేకుండా ఆరు నుంచి పదేళ్ళలోపు మార్చెయ్యమని చాలామంది తయారీదారులు చెబుతారు. ఎయిర్‌బ్యాగులు లేవు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, వెనక సీట్లో పిల్లలు. అలాంటి కారుని రోడ్డుకి పట్టి ఉంచేవి ఆ నాలుగు రబ్బరు ముక్కలే.

కొనేముందు

1. కారు మాన్యువల్‌లో అసలు కొలత చూడండి. దొరక్కపోతే టైరుకీ నేలకీ సుద్దముక్కతో గీత పెట్టి, కారుని ఒక్క చుట్టు దొర్లించి ఆ దూరం కొలవండి. 645 మి.మీ. టైరుకి అది రెండు మీటర్ల దరిదాపుల్లో రావాలి. బరువుకి టైరు నొక్కుకుంటుంది కనక లెక్కకన్నా కాస్త తక్కువే వస్తుంది.
2. కొత్త టైరు ఎత్తు పాతదానికి రెండు మూడు శాతంలోపు ఉండేలా చూసుకోండి.
3. రిమ్ము వెడల్పు, బరువు మోసే సూచిక సరిచూడండి. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది.
4. పాతకాలపు బయాస్ టైర్లనీ, రేడియల్స్‌నీ కలిపి వాడకండి. నాలుగూ ఒకే రకం కావాలి.
5. పాత రిమ్ముల్లో కొన్ని ట్యూబు కోసం చేసినవి. ట్యూబ్‌లెస్ వేసేముందు తెలిసినవాళ్ళకి చూపించండి.
6. బిగించాక స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి మళ్ళీ చూడండి.

చివరగా, హైవే ఎక్కినప్పుడు పక్కసీట్లో ఉన్నవాళ్ళని ఫోన్‌లో జీపీఎస్ వేగాన్నీ, మీటరునీ పోల్చి చూడమనండి. ఎంత తేడా ఉందో ఓ చీటీ మీద రాసి, టైరు కొలతతో సహా గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. తర్వాతిసారి షాపుకి ఫోన్ చేసినప్పుడు మీ కారు సంవత్సరం చెప్పక్కర్లేదు, ఆ కొలత చెబితే చాలు.