శీతలదేశపు బ్లూబెర్రీ తోట

బ్లూబెర్రీ యనునది ఉత్తర అమెరికా అడవులలో స్వయముగా పెరుగు నీలిపండ్ల పొద. ఇది పులుపు నేలలోనే వర్ధిల్లునని 1910లో ఫ్రెడరిక్ కోవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు ప్రకటించెను. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అను తోట యజమానురాలు అడవిపొదలలో మేలైనవి వెదకించి యాయనకు తోడ్పడగా, 1916లో సాగుపంట మొదట అంగడికి వచ్చెను.

అయినను ఆ పొడుగుజాతి మిన్నెసోటా వంటి కడుచలి సీమలకు పనికిరాలేదు. అచ్చట ఫారన్‌హీటు సున్నకు 30 డిగ్రీలు క్రిందికి సైతము చలి దిగును. ఆరడుగుల పొద మంచుపైకి నిలుచుటచే కొమ్మల కొనలనున్న పూమొగ్గలు చచ్చును. మంచు కప్పిన క్రిందికొమ్మలు మాత్రమే కాయును. అందుచే అచ్చటి విశ్వవిద్యాలయమువారు ఈ జాతిని మోకాలికి రాని అడవి పొట్టిజాతితో సంకరపరచి నడిమిరకములను పుట్టించిరి. 1983లో నార్త్‌బ్లూ, నార్త్‌స్కై, 1996లో పొలారిస్, చిప్పెవా వెలువడెను. నార్త్‌స్కై యొకటిన్నర అడుగు మాత్రమే పెరుగును. మంచే దానికి దుప్పటి. కాని కాపు తక్కువ. నార్త్‌బ్లూ పండు పెద్దది, కాపు మెండు. అయితే మంచు నిలువని గాలిమెట్టలయందు దాని మొగ్గకు చేటు కలదు. కావున తన పొలమున మంచు ఎంతలోతు నిలుచునో చూడక రకము నెన్నుకొనువాడు గ్రుడ్డెద్దు చేనబడినట్లే.

ఇక నేల. దాని పి.హెచ్. 4.5 మొదలు 5 వరకు ఉండవలెను. అంతకు మించినచో మొక్క ఇనుమును గ్రహింపజాలదు; ఈనెలు పచ్చగానే యుండి ఆకు పసుపువారును. నాటుటకు ఏడాది ముందే గంధకము కలిపి మరల పరీక్షింపవలెను. సున్నపునేల యైనచో ఆ చోటు విడుచుటయే లాభమని మా యభిప్రాయము. మన రైతు పొయ్యి బూడిదను పాదుకు మేలని వేయును. ఈ మొక్కకు అది విషము, ఏలయన బూడిద పులుపును విరుచును. సున్నము కలిసిన నూతినీరును అట్టిదే. ఎరువుగా అమ్మోనియం సల్ఫేటు తగును, నైట్రేటు తగదు. దీనికి నూగువేళ్లు లేవు, వేరు పైపైననే పారును. కావున రంపపుపొట్టు నాలుగంగుళముల మందమున పరచి తేమ కాపాడవలెను.

మొదటి రెండేండ్లు పూవులను గిల్లివేయవలెను. ఇది మనసొప్పని పనియే, కాని గిల్లనివాని పొద గిడసబారును. పూర్తికాపునకు ఆరేడేండ్లు పట్టును గనుక, ఏడాది గడువు అప్పుతో ఈ తోటకు దిగరాదు. రెండు రకములు ప్రక్కప్రక్కన నాటినచో తుమ్మెదల మూలమున కాయ పెద్దదగును.

పండు నీలమైనంతనే కోయరాదు. తొడిమ చుట్టునున్న ఎరుపు పోవువరకు ఆగి, పక్షులనుండి వలతో కాచి, పలుమార్లు ఏరవలెను.