వెండి, విద్యుత్తు – దంతరక్షణ

పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నెతో ఉగ్గు పెట్టడం విజయవాడ మొదలు బందరు వరకు మన డెల్టా ఇళ్లలో తెలిసిన ఆచారమే. చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయం నాలుకబద్దకు తగిన లోహాలలో బంగారం, రాగిలతో పాటు వెండిని కూడా పేర్కొన్నది. "వెండి నిజంగా పంటి పురుగును అణచగలదా?" అని పాఠకులు నన్ను తరచు అడుగుతుంటారు.

సూక్ష్మజీవులను అణచేది లోహపు వెండి కాదు, దాని నుండి వెలువడే అయానులు. అవి సూక్ష్మజీవి పైపొరను, ఎంజైములను దెబ్బతీస్తాయి. అత్యల్ప పరిమాణంలోనే కనిపించే ఈ గుణాన్ని వివరించిన కార్ల్ నేగెలి రచన 1893లో వెలువడింది. వెండి తీగకు ధనధ్రువం నుండి బలహీన విద్యుత్తు అందిస్తే అయానులు మరింతగా విడుదలవుతాయి. 1970 దశకంలో అమెరికా వైద్యుడు రాబర్ట్ బెకర్ ఈ పద్ధతిని చీముపట్టిన ఎముకల చికిత్సలో ప్రయోగించారు.

నోటి సంగతి వేరు. దంతక్షయానికి ముఖ్యకారకమైన స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్‌ను 1924లో క్లార్క్ వర్ణించారు. అది చక్కెరను ఆమ్లంగా మార్చి, పంటిపై జిగురుపాచిలో దాగి ఉంటుంది. ఆ పాచి లోపలికి అయానులు సులభంగా చేరవు. పైగా లాలాజలంలోని క్లోరైడుతో కలిసి వాటి శక్తి తగ్గుతుంది.

బ్యాటరీతో వెండినీరు తయారుచేసి పుక్కిలించవచ్చునా అంటే, వద్దనియే నా సమాధానం. దానిలో వెండి ఎంత ఉన్నదో ఇంట్లో కొలవలేము. చాలాకాలం మింగితే చర్మం నీలి బూడిదరంగుకు మారే ఆర్జిరియా రావచ్చును. ఆ రంగు సాధారణంగా తిరిగి పోదు. నోటిలో విద్యుత్ తీగలు ఉంచుకొనుట అంతకన్నా ప్రమాదకరం.

వెండిని సక్రమంగా వాడే మార్గం దంతవైద్యుని వద్ద కలదు. సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చిన భాగంపై పూస్తే, పంటిని తొలచకుండానే చాలా సందర్భాలలో పుచ్చు ఆగుతుంది. పుచ్చిన చోటు నల్లబడుతుందని మాత్రం ముందే తెలుసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

ఇంట్లో చేయదగినవి ఇవి: పిల్లలు బందరు లడ్డు తిన్న వెంటనే నీటితో పుక్కిలించాలి. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడు పేస్టుతో పళ్లు తోముకోవాలి. చేదు పుల్లలలో వేప శ్రేష్ఠమని సుశ్రుతుడు చెప్పాడు. మెత్తగా నమిలిన వేపపుల్లను చిగుళ్లు గీసుకోకుండా వాడవచ్చును. నాలుకబద్ద వెండిదైనా రాగిదైనా అంచు మొద్దుగా ఉండాలి. పన్ను నొప్పి పుట్టేవరకు ఆగక, నల్లమచ్చ కనిపించగానే వైద్యునికి చూపించండి.