పుట్టగొడుగుల పెరుగుదలపై ఉష్ణోగ్రత, వెలుతురు ప్రభావం

పుట్టగొడుగుల బెడ్లలో శిలీంధ్ర తంతువులు తెల్లగా అల్లుకున్న తరువాత కూడా మొగ్గలు రాకపోవడం, వచ్చినవి పొడవాటి కాడలతో, చిన్న గొడుగులతో ఉండడం సాగుదారులకు ఎదురయ్యే సమస్యలు. వీటికి విత్తన లోపమే కారణమని భావించి బెడ్లను పారవేస్తే పెట్టుబడి మొత్తం నష్టపోవలసి వస్తుంది. నిజానికి పూర్తిగా అల్లుకున్న బెడ్డే విత్తనం మొలకెత్తిందనడానికి నిదర్శనం. అందువలన తరువాతి దశకు అవసరమైన పరిస్థితులను ముందుగా పరిశీలించాలి.

ఉష్ణోగ్రత: తంతువులు వ్యాపించే దశకు, మొగ్గలు ఏర్పడే దశకు కావలసిన ఉష్ణోగ్రతలు అన్ని జాతులలో ఒకేలా ఉండవు. బటన్ పుట్టగొడుగుకు మొదటి దశలో 24-25 డిగ్రీల సెల్సియస్ అనుకూలం కాగా, రెండవ దశలో 14-18 డిగ్రీలు అవసరం. కాబట్టి మన మైదాన ప్రాంతాలలో శీతలీకరణ లేకుండా దీనిని ఏడాది పొడవునా సాగు చేయలేము. ముత్యపుచిప్ప పుట్టగొడుగు సుమారు 20-28 డిగ్రీల వద్ద బాగా పెరుగుతుంది. పాల పుట్టగొడుగుకు 30-35 డిగ్రీలు అనుకూలం కనుక వేసవికి ఇది తగినది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇందులో ఏపీకే 2 రకాన్ని 1998లో విడుదల చేసింది. తంతువుల శ్వాసక్రియ వలన బెడ్డు లోపల వేడి గది ఉష్ణోగ్రతను మించుతుంది. అందుచేత రెండింటినీ కొలవాలి.

వెలుతురు: పుట్టగొడుగులలో పత్రహరితం ఉండదు. వాటికి వెలుతురు ఆహారాన్ని తయారుచేసే శక్తి కాదు, మొగ్గ తొడగడానికి అందే సంకేతం మాత్రమే. ముఖ్యంగా నీలి కాంతిని శిలీంధ్రంలోని గ్రాహక ప్రోటీన్లు గుర్తిస్తాయి. ముత్యపుచిప్ప, పాల పుట్టగొడుగులను తంతువులు అల్లుకునే వరకు చీకటిలో ఉంచి, తరువాత పగటివేళ గదిలో వార్తాపత్రిక చదవగలిగినంత పరోక్ష వెలుతురు కల్పించాలి. నేరుగా పడే ఎండకు లేత మొగ్గలు ఎండిపోతాయి. బటన్ పుట్టగొడుగుకు మాత్రం వెలుతురు అవసరం లేదు.

లోప నిర్ధారణ: ముత్యపుచిప్ప పుట్టగొడుగులో కాడలు సాగి గొడుగులు చిన్నవైతే వెలుతురు చాలకపోయి ఉండవచ్చు, లేదా గదిలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని ఉండవచ్చు. రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి. కావున కొన్ని బెడ్లకు గాలి ప్రసరణను, మరికొన్నింటికి వెలుతురును మాత్రమే పెంచి తేడాను గమనించాలి. గాలి ప్రసరణ పెంచినపుడు గాలిలో తేమ 80-85 శాతానికి తగ్గకుండా చూడాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు సాగు గదిని సందర్శించినపుడు జాతి, దశ, బెడ్డు ఉష్ణోగ్రత, వెలుతురు, గాలి ప్రసరణలను వరుసగా పరిశీలించిన తరువాతనే విత్తనం గురించి నిర్ణయానికి రావడం సమంజసం.