సున్నా నిమిషాలు: డిస్కుల మధ్య డేటా సర్దుబాటు

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో మార్గం మొదలయిన నాటి నుండి నేను ఆ బండిలోనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి వస్తున్నాను. బండికి పెట్టెలు మూడు. నడుస్తున్న బండిలో ఒక పెట్టెను ఖాళీ చేయవలసి వచ్చిందనుకుందాం. అందులోని వారిని తక్కిన రెండింటిలోకి సమంగా సర్దాలి. ప్రయాణం ఆగకూడదు. ఆఖరి మనిషి దాటేదాకా ఆ పెట్టెను విప్పకూడదు. కంప్యూటర్ డిస్కుల మీద డేటాను సర్దడం కూడా అచ్చం ఇలాంటిదే.

ఒరాకిల్ సంస్థ 2003లో తెచ్చిన 10జి డేటాబేసులో ఏయెస్ఎమ్ అనే ఏర్పాటు ఉన్నది. అది ఫైళ్ళను చిన్న చిన్న తునకలుగా చేసి డిస్కులన్నిటి మీద సమంగా పరుస్తుంది. ఈ తునకకు అలొకేషన్ యూనిట్ అని పేరు. సాధారణంగా 1 మెగాబైటు. డిస్కును కలిపినా తీసివేసినా సర్దుబాటు దానంతట అదే మొదలవుతుంది. దీనినే రీబ్యాలెన్స్ అంటారు.

పని ఎంతవరకు వచ్చిందో వి డాలర్ ఏయెస్ఎమ్ ఆపరేషన్ అనే పట్టికలో చూడవచ్చు. అందులో ముఖ్యమైన గడులు నాలుగు: అయిన పని, మొత్తం పని అంచనా, నిమిషానికి కదిలే తునకలు, మిగిలిన నిమిషాలు.

ఒక లెక్క చూద్దాం. మూడు డిస్కులలో తలా 30 గిగాబైట్ల డేటా ఉన్నది. ఒకటి తీసేస్తే తక్కిన రెండూ 45 చొప్పున మోయాలి. అంటే కదలవలసినవి 30,720 తునకలు. నిమిషానికి 512 కదిలితే గంట పని. అరగంటకు సగం అవుతుంది, ఇంకో 30 నిమిషాలు మిగులుతాయి. అప్పుడే వాడకందారులు పెరిగి వేగం 256కు పడిపోతే, మిగిలిన సగానికే 60 నిమిషాలు పడుతుంది! కాబట్టి ఆ గడిలోనిది వాగ్దానం కాదు, ఆ క్షణానికి వేసిన అంచనా మాత్రమే.

పవర్ అనే అంకె పెంచితే సర్దుబాటు వేగం అందుకుంటుంది. కాని డేటాబేసు వాడుకునేవారికి పని మందగించవచ్చు. సున్నా పెడితే సర్దుబాటు ఆగిపోతుంది.

ఇక నా అనుభవం. 2019లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక శిక్షణ కేంద్రంలో 11జి నేర్చుకుంటూ, అభ్యాసం సర్వరులో ఒక పాత డిస్కును తీయడానికి ఆదేశమిచ్చాను. డేటాకు రెండో ప్రతి లేదు. కాసేపటికి మిగిలిన నిమిషాల గడిలో సున్నా కనబడింది. అయిపోయిందనుకుని డిస్కు మీద చెయ్యి వేశాను. వెనుక నుంచి సీనియరు కేకేశాడు.

"తమ్మీ, ఆగు! ఆ వరస ఇంకా కనబడుతున్నది గదా?"

"సున్నా చూపిస్తుంది గదన్నా."

"సున్నా అంటే అయిపోయినట్టా? డిస్కు స్థితి చూసినవా?"

చూశాను. డ్రాపింగ్ అని ఉన్నది. అంటే డిస్కు ఇంకా గుంపులోనే ఉన్నదన్నమాట. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తునకల తరలింపు ముగిశాక, వాటిని డిస్కుపై దగ్గర దగ్గరగా చేర్చే కాంపాక్ట్ అనే దశ ఒకటి ఉంటుంది. 11జిలో ఆ దశ నడుస్తున్నంతసేపూ నిమిషాల గడి సున్నా చూపుతుంది. 12సి నుండి ఏ దశ నడుస్తున్నదో తెలిపే పాస్ అనే గడి వచ్చింది గనుక ఈ తికమక తగ్గింది.

కాబట్టి మిత్రులారా, డిస్కు తీసేముందు మూడు చూడండి. పట్టికలో ఆ వరస పూర్తిగా పోవాలి. డిస్కు గుంపులోంచి బయటపడి, దాని హెడరు స్థితి ఫార్మర్ అని మారాలి. అలర్ట్ లాగ్‌లో సర్దుబాటు పూర్తయిందన్న మాట ఉండాలి. వరసలో తప్పు సంకేతం కనబడితే పని ఆగిపోయిందనే అర్థం. చాలాసార్లు తక్కిన డిస్కులలో చోటు చాలకనే అలా అవుతుంది.

ఆ సాయంత్రం ఎల్.బి.నగర్‌లో బండి ఆగినా తలుపులు తెరుచుకునేదాకా అందరం నిలబడే ఉన్నాం. స్టేషను వచ్చిందని తలుపును తోసేవాడెవడూ లేడు. తెర మీది సున్నా దగ్గర కూడా ఆపాటి ఓపిక ఉంటే చాలు.